పాకాల స్టేషన్ కాడ ఇప్పించిన సొక్కా

ఐరాల
1-12-2002

జయరావుకి,

ఐరాల చెంగయ్య రాసేది. పదకొండేండ్లుగా కడుపులో పెట్టుకోనుండా. ఇంక పట్టక రాస్తా ఉండా. బాగుండావా అని అడగను. బాగుండావని నా కంటితోనే సూసినా.

తొంబై ఒకటి డిసెంబరు. పాకాల రైల్వే స్టేషన్ బయట, కుప్పుస్వామి టీ అంగడి ముందర. గోనెపట్టా పరిచి ఫారిన్ పాత స్వెట్టర్లు అమ్ముకుంటా ఉండా. పాసింజరు దిగిన జనం నిలబడి బేరమాడతా ఉండారు. నువ్వు వచ్చినావు. చెల్లెలి మొగుడివి గదా, నీకొక టీ పొయ్యమని కుప్పుస్వామికి సెయ్యి చూపించినా. నువ్వు టీ ముట్టలా. ఒక స్వెట్టరు ఎత్తి ముక్కు కాడ పెట్టుకోని, అందరికీ వినపడేటట్టు, "ఇవి ఫారిన్ శవాల మీద ఒలిసిన గుడ్డలప్పా, మా బావకి తెలీదు పాపం, కావాలంటే వాసన సూడండి" అన్నావు. దాంతో పోనిచ్చినావా? నా ఒంటి మీదుండే సొక్కా చూపించి, "అదీ అంతే, ఇప్పు బావా, ఆడోళ్లు తిరిగే చోటు" అన్నావు.

అంత మందిలో, అంత సలిలో ఇప్పించినావు. పూలమ్మే పంకజాక్షి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునింది. నేను బనీనుతో నిలబడినా. "కాలవలో పారేసి వస్తా" అని సొక్కా సంకలో పెట్టుకోని నువ్వు పోయినావు.

ఆ పొద్దు నుంచి నా పట్టా కాడ ఒక్కడు ఆగలా. ఐరాలలో నాకు శవాల చెంగయ్య అని పేరు పెట్టినారు. ఇప్పుడూ అదే పేరు. మా యింటిది మిగిలిన రెండు గుడ్డల బేళ్లనూ కళ్లంలో ఏసి కాల్చేసింది. నెల తిరక్క ముందే నువ్వు తిరపతిలో స్వెట్టర్ల అంగడి తెరిచినావు. యాడివి ఆ స్వెట్టర్లు? మద్రాసులో నేను కొనే గోడౌనులోవే. నీ అంగడికి వచ్చేసరికి శవాలన్నీ లేసి కూసున్నాయా?

అదీ ఓర్సుకున్నా. పోయిన నెల తిరపతిలో కంటి ఆపరేషను చేయించుకున్నా. పట్టీ ఇప్పినాక చెల్లెలు ఆనందమ్మని సూసి పోదామని నీ అంగడి దోవన వచ్చినా. కొత్త కంటికి సక్కగా కనపడిన మొదటిది ఏందో తెలుసునా? గల్లాపెట్టి కాడ కూసోనుండే నీ ఒంటి మీద నా సొక్కా. నీలం సొక్కా. రొమ్ము మీద పెద్ద అల, అల మీద పలక, పలక మీద మనిషి. ఎడమ మోచేతి కాడ నేను ఏసుకున్న కుట్టు. యే దారంతో కుట్టినానో ఈడ రాయను. అది నీ కాడ నుంచే రావాల.

నేను మెట్టెక్కలా. అట్టే తిరుక్కోని బస్సెక్కినా.

సొక్కా నాది. జవాబు రాయి.

కార్డులు ఐదైనాయి. నంబర్లు ఏసినా, వరస పెట్టుకోని సదువుకో.

చెంగయ్య


తిరుపతి
9-12-2002

పూజ్యులైన బావగారికి జయరావు నమస్కారాలు.

మేమిక్కడ క్షేమం. మీ కన్ను కుదుటపడిందని తలుస్తాను.

మీ కార్డులు ఒకేసారి రాలేదు. నాలుగోది ముందు వచ్చింది. పోస్టుమ్యాన్ అంగడి ముందు నిలబడి మొత్తం చదివి, "శవాలు లేచి కూర్చున్నాయా సార్" అని నన్నే అడిగాడు. మిగతావి వచ్చేదాకా పక్క అంగళ్ల వాళ్లు కూడా ఎదురుచూశారు. దయచేసి ఇక మీదట కవరులో రాయండి. కవర్లు నేనే పంపుతున్నాను, ఇందులో నాలుగు ఉన్నాయి.

ఎప్పుడో జరిగిపోయిన మాట. నేనేదో నవ్వులాటకి అన్నాను, జనం పట్టుకున్నారు. మీ చొక్కా ఆ రోజే కాలువలో వేసేశాను. మీరు చూసింది వేరే చొక్కా. అలాంటివి బేళ్లలో వస్తూనే ఉంటాయి. ఆపరేషన్ అయిన కొత్తలో చూపు ఒకదానికి ఇంకొకటిగా కనిపించడం మామూలేనని డాక్టర్లు కూడా అంటారు.

ఇంతకీ మీరు రాయడం మంచిదే అయింది. నేనే రాద్దామనుకుంటున్నాను. మద్రాసు నుంచి పరాశర్ అని ఒకాయన స్వామి దర్శనానికి వచ్చి, చలికి అంగట్లోకి వచ్చాడు. నా ఒంటి మీది చొక్కా పట్టుకొని వదల్లేదు. సముద్రంలో అలల మీద పలక వేసుకొని నిలబడి ఆడే ఆట ఒకటి ఉందట, సర్ఫింగ్ అంటారట. ఆ ఆట ఆడేవాళ్లు నీళ్లలోంచి వచ్చాక చలికి వేసుకొనే చొక్కాలట ఇవి. ఇరవై ముప్పై ఏళ్ల నాటివైతే జపాన్‌లో వెతికి వెతికి కొంటున్నారట. పాతవి ఎన్ని ఉన్నా తీసుకుంటానన్నాడు.

మద్రాసులో ఆ పాత గోడౌను మూసేస్తుంటే మిగిలిన బేళ్లు ఆరూ నేను తెచ్చేశాను. అంగడి నిలబడేది ఇక వీటి మీదే. కానీ ఏది నిజంగా పాతదో, ఏది పాతదానిలా చేసిందో నాకు తెలియడం లేదు. ఆ చూపు మీదే. గోనెలో చెయ్యి పెట్టి చెప్పేవారు. నాలుగు గుర్తులు రాసి పంపితే మీ చెల్లెలి సంసారానికి మేలు చేసినవారవుతారు.

ఆనందమ్మ మిమ్మల్ని అడిగానని రాయమంది.

జయరావు


ఐరాల
15-12-2002

జయరావుకి,

నీ కవర్లు నాలుగూ తిరగ్గొట్టినా, టపాలో వస్తాయి తీసుకో. నేను కార్డు మీదే రాస్తా. నువ్వు పదిమందిలో అన్నావు గాబట్టి పదిమందీ సదివేదే రాస్తా.

నా కన్ను బాగుండాది. నీ నోరే ఇంకా ఆపరేషను కాలా.

గుర్తులు అడిగినావు. సెప్తా. యాపారం తెలిసినోడు అడిగినోడికి సెప్పకుండా ఉంటే తెలీదనుకుంటారు.

బొమ్మ సూసి కొనొద్దు. నువ్వు ఎప్పుడూ బొమ్మే సూస్తావు. ముందు తిరగేసి లోపల సూడు. లోపల నూగు గొర్రెపిల్ల ఒళ్లు మాదిరి ఉండి, ఉతికి ఉతికి సిన్న సిన్న ఉండలు కట్టుండాల. కొత్తదానికి నూగు నిలబడి ఉంటాది, పట్టుకుంటే సేతికి ఊడొస్తాది. గొంతు కింద మూడు మూలల గుడ్డముక్క వేరేగా కుట్టుంటే అది పాత పనితనం. ఇప్పుడు అంత ఓపికగా యెవడూ కుట్టడు. సేతికట్టూ నడుంకట్టూ లాగి ఇడిసిపెట్టు. పాత నేత మళ్లా దగ్గరికి వస్తాది, కొత్తది వదులైపోయి అట్టే ఉంటాది. మెడ ఎనకాల పేరు గుడ్డ దారంతో నేసిందైతే ఉంచు, అచ్చు గుద్దిందైతే పక్కన పెట్టు.

కడాకు బొమ్మ. పాతదాంట్లో బొమ్మ గుడ్డలోకి ఇంకిపోయి ఉంటాది. ఎండిన మడి మాదిరి పగుళ్లిచ్చుంటాది. గోరుతో గీరితే పొట్టు లేవకూడదు. భుజాల మీద రంగు తక్కువ, సంకల్లో ఎక్కువ ఉంటే ఎండలో నిలబడినోడిది. అంతటా ఒక్క తీరుగా ఎలిసిపోయుంటే అది మందులో ముంచి పాతది చేసింది. అట్టాంటివి ఇప్పుడు వస్తా ఉండాయని ఇన్నా.

బేలు కొనేటప్పుడు పైవరస సూపిస్తారు, అది నమ్మొద్దు. గోనె మూల కాడ కోసి మోచేతి దాకా సెయ్యి పెట్టు. అడుగున సల్లగా, బరువుగా తగిలితే అది మంచి దూది. ఉప్పు వాసన వస్తే ఇంకా మంచిది. నువ్వు ఆ పొద్దు శవాల వాసన అన్నావు సూడు, అది సముద్రం ఉప్పు.

నా సొక్కా నాకు ఎందుకు అంత ఇదో నీకు తెలీదు. మొదట బేలులో సూసినప్పుడు అది సముద్రం అనుకోలా. మడి దున్ని నీళ్లు కట్టినాక సదును పలక మీద నిలబడి ఎద్దుల్ని తోలతాం గదా, ఆ మనిషి అట్ట ఉండాడు. మోకాళ్లు వంచి, సేతులు యెడంగా పెట్టి, బురద ఎగజిమ్మతా ఉంటే పడకుండా నిలబడినట్టు. యెవడో నన్ను సూసి గీసినాడు అనుకున్నా. ఎద్దులు యాడ పోయినాయా అని వెతికినా. తెల్లారుజామున నీళ్లు కట్టను పోతే మంచు ఆ సొక్కాలోకి దిగలా. తడిసినా ఒంటికి వెచ్చగానే ఉండె. నాలుగేండ్లు ఏసుకున్నా. శవం సొక్కా అయితే ముందు సచ్చేది నేను. ఉండా గదా ఇంకా, నీకు కార్డులు రాసేదానికి.

ఏరేదానికి ఇంత సాలు. ఏరినాక సంగతి నువ్వు అడగలా, నేను సెప్పలా.

ఆనందమ్మకి నెయ్యి పంపించినా. అది నీకు కాదు.

చెంగయ్య


తిరుపతి
27-12-2002

బావగారికి నమస్కారాలు.

మీ కార్డులు ఈసారి వరసగా వచ్చాయి. పోస్టుమ్యాన్ గుర్తులన్నీ చదివి, తన మేనల్లుడి స్వెట్టరు తిరగేసి చూశాడట, కొత్తదేనట.

మీరు చెప్పినట్టే నాలుగు బేళ్లు కోసి ఏరాను. ఇరవై రెండు దొరికాయి. మూడు మూలల గుడ్డముక్క, నేసిన పేరు గుడ్డ, లోపల ఉండలు, పగిలిన బొమ్మ, అన్నీ ఉన్నాయి. ఒకదాని మీద అల లోపల సూర్యుడు, ఇంకొకదాని మీద కొబ్బరిచెట్టు. పరాశర్‌కి ఫోన్ చేసి చెబితే గుర్తులు విని, "ఎవరు ఏరారు సార్, ఈయన మామూలు మనిషి కాదు" అన్నాడు. నేనే ఏరానని చెప్పాను, మీరేమీ అనుకోకండి. జనవరి పదో తేదీ వస్తాడు. ఇవి నచ్చితే మిగిలిన రెండు బేళ్లకు కూడా మాట ఇస్తానన్నాడు.

ఒకటే చింత. ఎంత మంచివైనా చూడటానికి మరీ దరిద్రంగా ఉన్నాయి. రంగు వెలిసి, అంచులు చీకిపోయి, బొమ్మలు పగుళ్లిచ్చి. అంత దూరం నుంచి వచ్చేవాడి ముందు ఇలాగే పరిస్తే మనకే పరువు తక్కువ. అందుకని అద్దకం ఆయనకి ఇచ్చి మంచి నలుపూ నీలమూ వేయించి, చీకిన అంచులు మార్పించి, గంజి పెట్టి ఇస్త్రీ చేయిద్దామని ఉన్నాను. నేను వేసుకొనేదాన్ని కూడా. దానికి ఆ పసుపు దారం కుట్టు ఒకటి మోచేతి దగ్గర మరీ మొరటుగా ఉంది, విప్పించి మంచి రఫ్ఫు చేయిస్తాను.

మీ అభిప్రాయం వెంటనే రాయండి. మీరు వద్దంటే మానేస్తాను.

జయరావు


ఐరాల
31-12-2002

జయరావుకి,

నీ ఉత్తరం అందింది. ఈసారి ఒక్క కార్డే.

ఇంటికి వియ్యంకుడొస్తే మనోళ్లు గోడకి సున్నం కొడతారు, పంచెకి గంజి పెడతారు. నువ్వు యాపారం తెలిసినోడివి, నేనే ఏరినానని నీ నోటితోనే సెప్పుకున్నోడివి. నీ మనసులో ఉండేది నువ్వు సేసుకో.

పసుపు దారం అని రాసినావు. మిరపకాయల గోనె కుట్టే దారం అది. నేను యే కార్డులోనూ రాయలా. తీసి సూసుకో.

చెంగయ్య


తిరుపతి
12-1-2003

బావగారికి,

నమస్కారాలు రాసే స్థితిలో లేను.

ఇరవై రెండూ అద్దించాను. గంజి పెట్టించాను. పరుస్తామంటే పరచలేకపోయాం, అప్పడాల్లా నిలబడ్డాయి. ఇస్త్రీపెట్టెకి బొమ్మలు అంటుకొని వచ్చాయి. సూర్యుడు సగమే మిగిలాడు. పరాశర్ వచ్చాడు, ఒకటి చేతిలోకి తీసుకొని గొంతు దగ్గరి గుడ్డముక్క చూశాడు, పేరు గుడ్డ చూశాడు. బల్ల మీద పెట్టేశాడు. తర్వాత, "ఏరినవాడికి కళ్లున్నాయి సార్, ఇలా చేసినవాడికి లేవు. ఇద్దరూ ఒకరే అంటే నేను నమ్మను" అన్నాడు. ఒక్కటీ తీసుకోలేదు.

మీకు తెలుసు. ఇలా చేస్తే పాడైపోతాయని మీకు ముందే తెలుసు. ఒక్క అక్షరం రాసి ఉంటే ఆగేవాణ్ణి. సొంత చెల్లెలి ఇంటి మీద మీరు ఇంత కక్ష పెట్టుకుంటారని అనుకోలేదు.

మిగిలింది ఒకటే. నేను వేసుకొనేది. దాన్ని కూడా మూటలో పెడితే ఆనందమ్మ లాగేసి పీట కింద పెట్టుకొని కూర్చుంది. "అది మా అన్న ఒంటిది. పదకొండేళ్లు నీ ఒంటి మీద చూసి నోరు మూసుకున్నాను, దీనికి రంగేస్తే నేను ఐరాల బస్సెక్కుతాను" అంది. పరాశర్ దాన్ని చూసి వెంటనే అడిగాడు. ఆమె ఇవ్వలేదు. "ఇది అమ్మేది కాదయ్యా, తిరిగి ఇచ్చేది" అని ఆయనతోనే చెప్పింది. ఏరింది ఎవరో కూడా చెప్పేసింది. ఆ ఏరినాయన చేతుల మీదుగా కోస్తేనే మిగిలిన బేళ్లు చూస్తానని, ఫిబ్రవరిలో వస్తానని చెప్పి పోయాడు.

సరే, ఒప్పుకుంటున్నాను. చొక్కా మీదే. కాలువలో వెయ్యలేదు. ఆ రోజు కాలువ దాకా పోయాను, చలేసింది, వేసుకున్నాను. మళ్లీ విప్పబుద్ధి కాలేదు. ఆ రోజు అన్న మాట కూడా తెలిసే అన్నాను. మీ వ్యాపారం చూసి కడుపు మండి అన్నాను. ఇంతకంటే ఏం రాయమంటారు.

చొక్కా పార్సెల్ చేసి రిజిస్టర్ పోస్టులో పంపుతాను. మీరు వచ్చి ఆ రెండు బేళ్లూ కోసి పెట్టండి. అవీ పోతే అంగడి మూయాల్సిందే. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీయండి. ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు.

జయరావు


ఐరాల
19-1-2003

జయరావుకి,

అవును. నాకు తెలుసు.

పాకాలలో నువ్వు నా సొక్కా ఇప్పించక ముందు సంవచ్చరం, రైలు దిగి ఒక తెల్లాయన వచ్చినాడు. నా కాడ రెండు అలల సొక్కాలు ఎలిసిపోయుంటే నేనే అద్దకం ఏయించి, మా యింటిది చెంగమ్మతో గంజి పెట్టించి, మడత నలగకుండా పెట్టుకోనుండా. నువ్వు ఇప్పుడు సేసినట్టే. ఆయన వాటిని ముట్టుకోని, కాలే పెనం ఇడిసినట్టు ఇడిసిపెట్టినాడు. నా ఒంటి మీదుండేదాన్ని చూపించి అది ఇస్తావా అన్నాడు. మోచెయ్యి సినిగుండాదని చూపించినా. తల ఊపి, ఆ సినుగు మీద సెయ్యి పెట్టి నవ్వినాడు. నేను ఇయ్యలా. ఆయన పోయినాకే పసుపు దారంతో కుట్టుకున్నా. ఇట్టాంటివి ఎట్ట దొరికినాయో అట్టే ఉంచాలని ఆ పొద్దు తెలుసుకున్నా. నా రెండు పాడైతే తెలిసింది. నీకు ఇరవై రెండు కావాల్సొచ్చినాయి.

నేను అబద్ధం రాయలా. కార్డు తీసి సదువు. నువ్వు ఆ పొద్దు నోరు తెరిచి నా యాపారం తీసినావు. నేను నోరు మూసుకోని నీది తీసినా. నాది నీదాని కంటే సులువు పని అనుకోవద్దు. నీ ఉత్తరం వచ్చినాక రెండు దినాలు కార్డు సేతిలో పెట్టుకోని తిరిగినా. వద్దు అని రెండు అచ్చరాలు రాస్తే సరిపోతాది. చెంగమ్మ అడిగింది, "ఏంది అట్ట తిరగతా ఉండావు, టపా డబ్బా యాడుండాదో మరిసిపోయినావా" అని. సూర్యుడి సొక్కా నాకు నువ్వు రాసినప్పటి నుంచి కంట్లోనే ఉండాది. ఆ ఇరవై రెండూ నేను సెయ్యి పెట్టి సూడాల్సినవి. అవి పోయినాయని నాకూ కష్టంగానే ఉండాది. కానీ మళ్లా అడిగినా అట్టే రాస్తా.

నువ్వు ఒప్పుకున్నావు. కవరులో ఒప్పుకున్నావు. అది నాకు పనికిరాదు. పార్సెల్ వస్తే తిరగ్గొడతా. ఇంట్లో మాట ఇంట్లో అంటావు. ఇప్పించింది ఇంట్లోనా?

నిన్న పాకాల పోయినా. కుప్పుస్వామి ముసలోడైనాడు, అంగడి ఆడనే ఉండాది. "వచ్చే నెల జయరావు వస్తాడప్పా, నువ్వు ఉండాల" అన్నా. "వస్తే ఆయనకి టీ ఊరికే పోస్తా. రాకపోతే ఆ పొద్దు ఆయన తాగని టీకి కూడా నీ కాడే వసూలు చేస్తా చెంగయ్యా" అన్నాడు. పంకజాక్షి ఇన్ని మల్లెలు కట్టుకుంటా ఇనింది. "నేనూ ముక్కు మూసుకున్నా గదన్నా, నేనేం సెయ్యాల" అనింది. "నువ్వు ఆ పొద్దు కొంగు బొడ్లో దోపుకోని కూసో, అంతే సాలు" అన్నా. ఆమె నవ్వలా. తల వంచుకునింది. పదకొండేండ్లలో నాకు తల వంచిన మొదటి మనిషి ఆమె.

ఇప్పుడు నువ్వు సెయ్యాల్సింది. ఫిబ్రవరి మూడో తేదీ, సోమారం, పొద్దున పాసింజరు వచ్చే యాళకి పాకాల స్టేషన్ బయటికి రా. ఆ సొక్కా ఏసుకోని రా. కుప్పుస్వామి అంగడి ముందర, నేను పట్టా పరిచిన చోట నిలబడు. రైలు దిగిన జనం అంతా బయటికి వచ్చేదాకా ఆగు. ఆపైన ఇప్పు. బనీనుతో నిలబడి, అప్పుడు ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా, "ఇవి శవాల గుడ్డలు కావు, మా బావ యాపారం నేను తీసుకునేదానికి అబద్ధం ఆడినా" అను. నీ సేతులతో సొక్కా నా తల మీదుగా తొడుగు. మోచెయ్యి నేను దూరుస్తా, కుట్టు సినగకుండా.

అట్ట సేస్తే అదే రైలుకి ఎదురు రైల్లో నీతో తిరపతి వస్తా. రెండు బేళ్లూ నేనే కోస్తా, నేనే ఏరతా, అద్దకం ఆయన గడప తొక్కకుండా సూస్తా. పరాశరు వచ్చేదాకా నీ అంగట్లో కూసుంటా, ఏరింది చెంగయ్య అని నువ్వే ఆయనకి సెప్తావు. నా చెల్లెలి అంగడి నిలబెడతా.

సెయ్యకపోతే ఆ బేళ్లు గోనెలోనే ఉంటాయి. పరాశరు ఇంటి అడ్రసు ఆనందమ్మ రాయించి పంపించింది, నా కాడుండాది. ఆయనకి కార్డులు రాస్తా. ఎనిమిది పడతాయి, నంబర్లు ఏసి పంపిస్తా. పాకాల సంగతి ఒకటో కార్డులోనే ఉంటాది.

జనవరి ముప్పై ఒకటో తేదీ, శుక్రారం లోగా నీ జవాబు నా సేతిలో ఉండాల. కార్డు మీదే రాయి, కవరు వస్తే ఇప్పను. ఆ పొద్దు టపా మనిషి వచ్చేదాకా తలుపు ముందరే కూసోనుంటా, ఆయన్నే గట్టిగా సదవమంటా. వస్తావా, రావా? ఒక్క మాట రాయి.

చెంగయ్య